తల్లికీ కూతురికీ మధ్య సలహాదారు

సంపాదకుల వారికి,

నమస్కారం.

మీ ఆదివారం సంచిక సలహాల శీర్షికలో ఇటీవల వచ్చిన ఒక ప్రశ్న, దానికి ఇచ్చిన జవాబు, ఆ తర్వాత ఇదే ఉత్తరాల పేజీలో పాఠకుల మధ్య సాగిన వాదన చదివాక ఈ లేఖ రాస్తున్నాను. ప్రశ్న అడిగినావిడ ముప్ఫై ఏళ్ల ఉద్యోగిని. జీతం పడగానే ఎంత ఖర్చయిందో, ఎంత మిగిలిందో పుట్టింటికి లెక్క చెప్పాలి. పొద్దున ఏం వండిందో, సాయంత్రం ఎవరింటికి వెళ్లిందో అమ్మకు ఫోనులో చెప్పాలి. చెప్పకపోతే అమ్మ అలుగుతుంది, చెబితే భర్త ముభావంగా ఉండిపోతాడు. ఇద్దరికీ నచ్చేట్టు ఉండీ ఉండీ, నీకేం కావాలని ఎవరైనా అడిగితే చెప్పలేని స్థితికి వచ్చానని ఆమె చివర్లో రాసుకుంది. జవాబిచ్చినవారు ఆ చివరి మాటను పట్టించుకోలేదు. తల్లి ఫోన్లు తగ్గించమని, భర్తకు మొదటి చోటు ఇవ్వమని చెప్పి ముగించారు. ఆ పైన పాఠకులు రెండు జట్లయ్యారు. కని పెంచిన తల్లిని దూరం పెట్టమంటారా అని ఒక జట్టు, పెళ్లయ్యాక కూతురి కాపురంలో తల్లికేం పని అని ఇంకో జట్టు. ఇంత చర్చలోనూ ఆమెకేం కావాలన్నది ఎవరికీ పట్టలేదు.

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టును. 'నేనెవరిని', 'నా వాళ్లతో నేనెలా ఉండాలి' అనే రెండు ప్రశ్నలతో వచ్చేవారితోనే నా పనిలో ఎక్కువ భాగం గడుస్తుంది. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని, మొదటిది తేలాక రెండోది చూసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. గదిలో కూర్చుని వింటే అవి విడిగా రావు. తనకేం కావాలో తెలియని మనిషి బంధాల్లో అయితే మునిగిపోతుంది, లేకపోతే తెంచుకుని పారిపోతుంది. మీ శీర్షికలో జవాబిచ్చినవారు, ఉత్తరాలు రాసిన పాఠకులు ఆమెకు ఈ రెండు దారులే చూపించారు. మూడో దారి ఒకటుందని, అది కష్టమైనదే అయినా చాలామంది నడిచినదేనని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఈ దారిని స్పష్టంగా గీసి చూపినవారిలో అమెరికా సైకియాట్రిస్టు ముర్రే బోవెన్ (1913–1990) ఒకరు. టెన్నెసీ రాష్ట్రంలోని వేవర్లీ అనే చిన్న ఊళ్లో, ఐదుగురు పిల్లల ఇంట్లో పెద్దవాడిగా పుట్టారు. 1954 నుంచి 1959 దాకా మేరీలాండ్‌లోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేసినప్పుడు ఆయన చేసిన పని అప్పటికి విడ్డూరం. స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఉన్న రోగులను ఒక్కరినే చేర్చుకోకుండా మొదట తల్లులను, తర్వాత తండ్రులను, తోబుట్టువులను కూడా అదే వార్డులో ఉంచి, రోజూ వాళ్లు ఒకరితో ఒకరు ఎలా మసలుకుంటున్నారో గమనించారు. తల్లి ఆందోళన పడితే బిడ్డ పరిస్థితి మారడం, బిడ్డ కాస్త కుదుటపడితే తల్లి కుదేలవడం ఆయన కళ్లారా చూశారు. ఆ తర్వాత వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఉండి తన సిద్ధాంతాన్ని మామూలు కుటుంబాలకూ విస్తరించారు. అయినవాళ్లతో కలిసి ఉంటూనే, వాళ్ల ఆందోళన తనకు అంటుకోకుండా, తన ఆలోచన తాను నిలుపుకోగలగడాన్ని ఆయన 'డిఫరెన్షియేషన్ ఆఫ్ సెల్ఫ్' అన్నారు. ఇక్కడ కలిసి ఉండటం ఎంత ముఖ్యమో, తన ఆలోచన నిలుపుకోవడం అంత ముఖ్యం. ఏ ఒక్కటి తప్పినా మిగిలింది నిలవదు.

ఇద్దరి మధ్య బిగువు పెరిగినప్పుడు వాళ్లు మూడో మనిషిని లోపలికి లాగుతారన్నది బోవెన్ చెప్పిన ఇంకో సంగతి. ఈ ముక్కోణం మన ఇళ్లలో ఎవరూ నేర్పకుండానే వస్తుంది. కోడలి మీద కోపం కోడలికి చెప్పని అత్తగారు కొడుకు భోజనానికి కూర్చున్నప్పుడు చెబుతుంది. భర్తతో తేల్చుకోలేనిది భార్య పెద్ద కూతురి చెవిలో వేస్తుంది. పదో తరగతి చదువుతున్న ఆ పిల్ల తండ్రిని శత్రువుగా చూడటం మొదలుపెడుతుంది. బరువు మూడో మనిషి మీదికి మారుతుంది కాబట్టి మొదటి ఇద్దరికీ తాత్కాలికంగా ఊరట దొరుకుతుంది, అసలు మాట మాత్రం అన్నవాళ్ల దగ్గరే, అనిపించుకోవలసినవాళ్లకు చేరకుండా ఉండిపోతుంది. సంపాదక మహాశయా, ఈ కోణంలోంచి చూస్తే మీ శీర్షిక కూడా ఒక మూడో మూలే. అమ్మతో అనలేని మాటను ఆమె పత్రికకు రాసింది. పత్రిక భర్త పక్షం తీసుకుంది. పాఠకులు చెరో పక్షం పంచుకున్నారు. ఆమె అమ్మతో అనవలసిన మాట ఇప్పటికీ అననట్టే ఉంది.

మా వృత్తిలో ఉన్న పెద్ద ప్రమాదం కూడా ఇదే. మొదటి సెషన్‌లోనే "మీరు చెప్పండి మేడమ్, తప్పెవరిది?" అని అడుగుతారు. తప్పు భర్తదంటే ఆ రోజుకు సంతోషంగా వెళ్తారు, ఇంటికెళ్లి "మేడమ్ కూడా అదే అన్నారు" అని చెబుతారు. ఆ క్షణం నుంచి నేను ఆ ఇంట్లో కనబడని కక్షిదారును. అందుకే పక్షం వహించకుండా ఉండటానికే నా శిక్షణలో ఎక్కువ కాలం పట్టింది. ఉదాసీనంగా ఉండటం, పక్షం వహించకపోవడం ఒకటి కావు. ఎదురుగా లేని తల్లి కూడా తన కారణాలున్న మనిషేనని మరిచిపోకుండా, ఎదురుగా ఉన్న కూతురి బాధను తగ్గించి చూడకుండా వినాలి. ఈ రెండూ ఒకేసారి చేయడం వినడానికి తేలికగానే ఉంటుంది.

ఒక తెల్ల కాగితంతో పని మొదలవుతుంది. మూడు తరాల కుటుంబ పటాన్ని గీస్తాం, దాన్ని జీనోగ్రామ్ అంటారు. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, పెళ్లికి ఒక గీత, మాటలు తెగిపోయిన చోట విరిగిన గీత, గొడవలున్న చోట మెలికలు తిరిగిన గీత. మేనరికాలున్న కుటుంబాల్లో ఆ దంపతుల మధ్య రెండు గీతలు గీయాలి. అప్పుడు పటంలో కొమ్మలు విడివిడిగా పైకి పోకుండా వెనక్కి తిరిగి వచ్చి కలుస్తాయి. అత్తగారే మేనత్త అయిన ఇంట్లో కోడలు భర్తతో విభేదిస్తే ఆ మాట సొంత తండ్రికీ ఆయన అక్కకూ మధ్య తగువై కూర్చుంటుంది. కోస్తా జిల్లాల కుటుంబాల పటాలు గీసేటప్పుడు ఇలాంటి రెండు గీతలు నాకు తరచుగా తగులుతాయి. వాషింగ్టన్‌లో కూర్చున్న బోవెన్‌కు ఇవి ఎన్ని తగిలి ఉంటాయో నాకు అనుమానమే.

గుర్తుపట్టే వీలు లేకుండా పలువురి వివరాలు కలిపి ఒక సందర్భం చెబుతాను. పాతికేళ్లు దాటిన యువకుడు పెళ్లి సంబంధాలన్నీ చెడగొట్టుకుంటున్నాడని ఇంట్లోవాళ్లు పంపారు. పటం గీస్తూ తాతగారి తరానికి వచ్చేసరికి, ఆయనా ఆయన తమ్ముడూ పొలం గట్టు తగాదాలో మాటలు మానేశారని చెప్పాడు. తండ్రి తరంలో పెదనాన్నతో మాటలు లేవు, కారణం ఎవరికీ సరిగా గుర్తులేదు. తన తరంలో అక్క ప్రేమ వివాహం చేసుకున్నాక ఆమె పేరు ఇంట్లో ఎత్తడం లేదు. మూడు విరిగిన గీతలు ఒకదాని కింద ఒకటి పడ్డాక ఆ అబ్బాయి పెన్ను నా చేతిలోంచి తీసుకుని, తన గుర్తు చుట్టూ మళ్లీ మళ్లీ గీస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా ఇంట్లో కాదంటే మనిషి పోయినట్టేనండీ" అన్నాడు. పెళ్లి అంటే అతనికున్న భయం అప్పుడు మా ఇద్దరికీ అర్థమైంది. అమ్మాయి నచ్చలేదని ఇంట్లో చెప్పే ధైర్యం లేక, అమ్మాయి తరఫువాళ్లే కాదనేట్టు ప్రవర్తిస్తున్నాడు. అతనికి నేను పెళ్లి చేసుకోమనీ చెప్పలేదు, మానమనీ చెప్పలేదు. చాలా సెషన్ల తర్వాత అతను చేసిన మొదటి పని అక్కకు ఫోన్ చేయడం. తండ్రికి తెలియకుండా కాదు, చెప్పే చేశాడు.

అలా చెప్పి చేయడంలోనే అసలు చికిత్స ఉంది, ఇబ్బందీ అక్కడే ఉంది. ఒక మనిషి మొదటిసారి తన మాటగా ఒక మాట చెప్పినప్పుడు కుటుంబం ఎలా స్పందిస్తుందో బోవెన్ మూడు మెట్లుగా చెప్పారు. మొదట 'నువ్వు తప్పు' అంటారు, తర్వాత 'మునుపటిలా అయిపో' అంటారు, అదీ కుదరకపోతే 'కాకపోతే చూసుకో' అంటారు. ఒక క్లయింటు బాగా తర్ఫీదై, కోపం లేకుండా, "అమ్మా, ఈ నెల నుంచి నా జీతం లెక్క నేనే చూసుకుంటాను, ఆదివారం పొద్దున నీతో తీరిగ్గా మాట్లాడతాను" అంది. "ఎవరే నీకీ మాటలు నేర్పింది?" అన్నది తల్లి మొదటి జవాబు. రెండు రోజులకు బాబాయి ఫోను, నాలుగో రోజు అమ్మకు బీపీ పెరిగిందన్న కబురు. ఇవి వస్తాయని ముందే చెప్పుకున్నాం కాబట్టి ఆమె బెదరలేదు. వాదించలేదు, ఎదురుదాడి చేయలేదు, ఫోను పెట్టేయలేదు. బీపీ మందు వేసుకున్నావా అని అడిగి, ఆదివారం అన్న మాట ప్రకారం మళ్లీ ఫోన్ చేసింది. ఫోన్లు తగ్గించమన్న మీ సలహాకూ దీనికీ తేడా ఇక్కడ తెలుస్తుంది. ఫోను తగ్గిస్తే తల్లి దూరమవుతుంది, కూతురి లోపలి భయం అలాగే ఉంటుంది. ఇక్కడ ఆమె తల్లికి మునుపటికన్నా దగ్గరగా ఉంటూనే భయాన్ని దాటింది.

దూరం వల్ల విడుదల దొరకదన్న మాట అమెరికాలో ఉన్న మన పిల్లలకు బాగా వర్తిస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఆన్‌లైన్ సెషన్లకు వచ్చే యువకులు, తండ్రి మాటకు ఎదురు చెప్పలేకే ఇంత దూరం వచ్చామని నవ్వుతూ చెబుతారు. సముద్రాలు దాటినా వాట్సాప్‌లో తండ్రి పేరు కనబడగానే అరచేతులు చెమర్చుతాయి. ఇల్లు వదిలి పారిపోయినవాడు ఇంట్లోనే ఉండిపోయినవాడంతగానూ ఆ ఇంటికి కట్టుబడి ఉంటాడని బోవెన్ అనేవారు. తన మీద ప్రయోగించుకోకుండా ఆయన ఈ మాట అనలేదు. సొంత కుటుంబంలో బిగుసుకుపోయిన కొన్ని ముక్కోణాలను కదిలించడానికి బంధువులకు ముందుగా ఉత్తరాలు రాసి, స్వయంగా ఊరెళ్లి, అందరి మధ్యా కూర్చుని, ఎవరి పక్షమూ వహించకుండా నిలబడ్డ తన అనుభవాన్ని 1967లో ఫిలడెల్ఫియా సదస్సులో తోటి నిపుణుల ముందు వివరించారు. సిద్ధాంత పత్రం వింటామనుకుని వచ్చినవారికి అది ఆశ్చర్యం కలిగించింది. నాకు ఆ సంగతి తెలిశాక మా వృత్తి మీద గౌరవం పెరిగింది.

ఇదంతా పడమటి దేశాల వ్యక్తివాదమని, మన కుటుంబాలకు పనికిరాదని అనేవారున్నారు. ఆ విమర్శలో కొంత నిజముంది. మన దగ్గర కుటుంబాన్ని చికిత్సకు శత్రువుగా ఎప్పుడూ చూడలేదు. 1950లలో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి రోగుల బంధువులను వారితోపాటే ఉంచి వైద్యం చేశారు. డాక్టర్ జస్వంత్ సింగ్ నేకీ 1973లో, భారతీయులకు గురుశిష్య సంబంధమే మానసిక చికిత్సకు తగిన నమూనా కాగలదని ప్రతిపాదించారు. నేను నేకీతో సగం దూరం నడుస్తాను. "మీరే దారి చూపించండి" అని వచ్చినవారిని మొదటి రోజే "మీ దారి మీరే వెతుక్కోండి" అని తిప్పి పంపడం నిర్దయ అవుతుంది, కొంతకాలం ఆ ఆసరా ఇవ్వాలి. కానీ ఏడాది గడిచాక కూడా ఒక క్లయింటు అమ్మను అడిగినట్టే నన్ను అడుగుతుంటే, నేను ఆమెకు రెండో అమ్మనయ్యాను తప్ప ఒరిగిందేమీ లేదు.

స్త్రీవాద చికిత్సకులు బోవెన్ మీద చేసిన విమర్శ నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. భావోద్వేగం కన్నా ఆలోచనకు పెద్దపీట వేసిన ఆ కొలబద్దలో, అందరినీ చూసుకునే స్త్రీ లోపమున్న మనిషిగా కనబడుతుందని వారు అన్నారు. సొంత సంపాదన లేక, చెప్పుకోవడానికి ఒక గది లేక, పుట్టింటి తలుపు మూసుకుపోయిన కోడలు మౌనంగా ఉంటే అది ఆమె వ్యక్తిత్వ లోపం కాదు, బతికే ఉపాయం. ఆమెతో "నీ మనసులో మాట చెప్పెయ్" అనడం ప్రమాదకరం. హింస ఉన్న ఇంట్లో ముక్కోణాల ప్రస్తావన అసలు తేకూడదు. అక్కడ భార్యాభర్తలను ఒకే గదిలో కూర్చోబెట్టి 'ఇద్దరి వైపూ' వినడం హింసకు సాయం చేయడమే. ముందు ఆమె భద్రత, 181 మహిళా హెల్ప్‌లైన్, 2005 నాటి గృహహింస చట్టం కింద దొరికే రక్షణ. తక్కినవన్నీ ఆ తర్వాత. మీ శీర్షికలో "చేయి చేసుకుంటాడు కానీ మంచివాడు" అని వచ్చిన ప్రశ్నకు కూడా సర్దుబాటు సూత్రాలు చెప్పడం నేను ఒకటికన్నా ఎక్కువసార్లు చూశాను.

అస్తిత్వం గురించిన ఇంకో రకం ప్రశ్నలో మాత్రం నాకు నడిమి దారి లేదు. కొడుకు మగవాళ్లనే ఇష్టపడుతున్నాడని తెలిసి, "ఎలాగైనా మార్చండి, ఎంతయినా ఇస్తాం" అని వచ్చే తల్లిదండ్రులకు మార్చడం కుదరదని, మార్చవలసిన జబ్బూ కాదని మొదటి సమావేశంలోనే చెప్పేస్తాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సమాజంలో చెల్లుబాటయ్యే నైతిక, సాంస్కృతిక విలువలకు ఒదగకపోవడాన్ని మానసిక రోగంగా నిర్ధారించకూడదని మూడో సెక్షన్‌లో చెబుతోంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరం కాదంది. 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఇలాంటి కేసు ఒకటి తన ముందుకు వచ్చినప్పుడు, ఈ విషయం తనకే పూర్తిగా తెలియదని ఒప్పుకుని, తానే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నాక ఉత్తర్వులు ఇచ్చారు, లైంగికతను మారుస్తామనే మార్పిడి చికిత్సలను నిషేధించాలన్నారు. మరుసటి ఏడాది జాతీయ వైద్య కమిషన్ అలాంటి చికిత్సను వైద్యుల వృత్తిపరమైన దుష్ప్రవర్తన అంది. ఆ తల్లిదండ్రులను మాత్రం నేను తిప్పి పంపను. వాళ్ల భయానికి, 'ఊళ్లో ఏమనుకుంటారో' అన్న బెంగకు కూడా ఒక గంట కావాలి. ఆ గంట ఎక్కువసార్లు కొడుకుకే మేలు చేస్తుంది.

ఫీజు కట్టే తండ్రి, వెలుపల హాల్లో కూర్చుని ఎదురుచూసే భర్త సెషన్ అయ్యాక "ఏం చెప్పిందండీ?" అని అడుగుతారు. చెప్పను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణహాని వంటి కొద్ది మినహాయింపులుంటాయి, వాటిని క్లయింటుకు మొదటి రోజే వివరిస్తాను. "కావాలంటే ఆమెనే అడగండి" అని నేనంటే కొందరు నొచ్చుకుంటారు. నేరుగా అడగడం, నేరుగా జవాబు వినడం ఆ ఇంట్లో అలవాటు తప్పిన పని, కాబట్టి నాకు ఆ నొప్పి కూడా చికిత్సలో భాగంగానే కనిపిస్తుంది.

శీర్షికను మానేయమని నేను కోరడం లేదు. మానసిక సమస్య అంటే ఎర్రగడ్డ పేరో విశాఖ మానసిక వైద్యశాల పేరో చెప్పి వెక్కిరించే రోజుల నుంచి, పేరు రాయకుండానైనా ప్రశ్న అడిగే రోజులకు రావడంలో పత్రికల పాత్ర ఉంది. అడిగిన మనిషి రాసిన పదిహేను వాక్యాలతో, ఎదుటి మనిషిని చూడకుండా, వినకుండా తీర్పు చెప్పవద్దని మాత్రమే మనవి. తల్లిని తగ్గించు, భర్తను పెంచు అని చెప్పేకన్నా, "ఈ మాట మీ అమ్మగారితో ఎప్పుడైనా అన్నారా, అంటే ఏమవుతుందని భయం?" అని తిరిగి అడిగితే ఆమెకు ఎక్కువ ఉపయోగం. జవాబు రాసేవారి అర్హత ఏమిటో పేరు కింద వేయండి. బోర్డు పెట్టుకున్న ప్రతివారూ కౌన్సెలరే అయిన కాలంలో, క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయడానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలన్న సంగతి చాలామందికి తెలియదు. తెలుగులో కూడా ఉచితంగా మాట్లాడే వీలున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ను ప్రతి వారం ఆ శీర్షిక చివర అచ్చు వేయగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కౌన్సెలింగ్ సైకాలజిస్టు, విజయవాడ.